గేమ్ షో మధ్యలో అత్తయ్యగారు మంచినీళ్ళకని లేచి వెళ్ళారు

ఈ సంక్రాంతికి మా ఆడపడుచు వాళ్ళు విజయనగరం నుంచి వచ్చారు. కనుమ రోజు మధ్యాహ్నం గారెలూ మాంసం కూరా తిని పెద్దవాళ్ళంతా హాల్లో చాపలేసుకుని నడుం వాల్చారు, పిల్లలు నలుగురూ మేడ మీదకి పోయారు. ఆరేసిన బట్టలు తెద్దామని నాలుగున్నరకి నేను పైకెళ్తే అక్కడ గేమ్ షో నడుస్తోంది. మావాడు యాంకర్. చేతిలో మైకు బదులు దువ్వెన. పక్కింటి పిల్లాడి చేతిలో వాళ్ళమ్మ ఫోను, అందులో జనం పకపకా నవ్వే సౌండొకటి పెట్టుకున్నాడు. మా ఆడపడుచు కూతురికి ఎనిమిదేళ్ళు, దానికి మాట కొంచెం తడబడుతుంది, కంగారు పెడితే ఇంకా తడబడుతుంది. పది లెక్కపెట్టేలోపు ఐదు పూల పేర్లు చెప్పమన్నాడు మావాడు, అది "బ... బ... బంతి" దగ్గరే ఆగిపోయింది, వెంటనే దాని మాటనే అలాగే వెక్కిరించి, ఫోన్లో నవ్వు నొక్కించి, పనిష్మెంట్ అని గ్లాసు చేతికిచ్చాడు. నిమ్మరసంలో పచ్చిమిర్చి నలిపి ఇంత ఉప్పేసి కలిపారు.

తాగుతోంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా నవ్వుతోంది.

నేను గ్లాసు లాక్కుని పారబోసి మావాడిని కేకలేశాను, వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆటే కదమ్మా, టీవీలో కూడా అలాగే చేస్తారు, వాళ్ళెవరూ ఏడవరు" అన్నాడు. వాడు తప్పించుకోడానికి అన్నమాట కాదది, నమ్మే అన్నాడు. అదీ నన్ను ఇప్పటికీ పీడిస్తున్నది. ఓడిపోయినవాళ్ళు నవ్వుతూ తాగాలని ఆ పిల్లకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, ఆదివారం ఆదివారం మా హాల్లోనే, నా పక్కన కూర్చునే నేర్చుకున్నారు ఈ పిల్లలంతా. ఆ షో పేరు ఇక్కడ రాయను. ఒక్క దాని గురించి అయితే రాసేదాన్నేమో, కానీ ఇది ఒక్క షో సంగతి కాదు.

ఇన్నాళ్ళూ ఒక ప్రోగ్రాం ఇంట్లో అందరూ కలిసి చూడొచ్చా లేదా అంటే నేను చూసేది రెండే, బట్టలు బానే ఉన్నాయా, బూతులున్నాయా. మా అమ్మ కూడా అంతే చూసేది. పాటలో ఏదైనా తేడాగా వస్తే రిమోట్ అందుకునేది, లేకపోతే ఊరుకునేది. ఆ లెక్కన మేం చూసే షో పాసే. అందరూ నిండుగా బట్టలు కట్టుకుంటారు, బూతు వస్తే బీప్ వేస్తారు, పండగ స్పెషల్ అయితే సెట్ అంతా ముగ్గులూ గొబ్బెమ్మలూ పెడతారు. కానీ మేడ మీద నేను చూసింది బట్టల్లోంచీ రాలేదు, బూతుల్లోంచీ రాలేదు. మరి ఎక్కడినుంచి వచ్చింది అనేది నాకు అర్థం కావాలి కదా, అందుకని పండగ వెళ్ళాక ఒక మూడు వారాలు పాత డైరీ ఒకటి తీసుకుని, మామూలుగా మా ఇంట్లో నడిచే షోలన్నీ మళ్ళీ కొత్తగా చూశాను.

మొదటి వారం నేను వంటింట్లోంచే విన్నాను. బొమ్మ చూడకుండా ఒట్టి సౌండ్ మాత్రమే. మీరూ ఒకసారి ప్రయత్నించండి, చాలా తెలుస్తుంది. చూస్తున్నప్పుడు యాంకర్ మొహం, లైట్లూ, డాన్సూ చూసి మనం మాటని పట్టించుకోం, వంటింట్లోకి మాత్రం మాట ఒక్కటే వస్తుంది. ఒక గంట షోలో లావుగా ఉన్న ఒకావిడ మీద జోకులు పదకొండు లెక్కపెట్టాను, ఆవిడ ఆ రోజు టీములో అందరికంటే బాగా ఆడింది, ఆ సంగతి ఎవరూ ఒక్కసారి కూడా అనలేదు. రంగు మీద, పొట్టితనం మీద, పెళ్ళి కాకపోవడం మీద, భార్య భర్తని కొడుతుందనే పాత జోకు మీద, ఇంక చెప్పక్కర్లేదు. డబుల్ మీనింగులు వాళ్ళు మాటతో కన్నా ఆ మాట తర్వాత వదిలే గ్యాపుతో చేస్తారు, పిల్లలకి అర్థం కాదులే అనుకుంటాం, అర్థం కాకపోయినా ఇక్కడ అందరూ నవ్వారు అన్నది వాళ్ళకి తెలుస్తుంది, స్కూల్లో అదే మాట అదే గ్యాపుతో అంటారు.

రెండో వారం సౌండ్ మ్యూట్ చేసి చూశాను. ఇది మా పాప ఐడియా, దానికి పన్నెండేళ్ళు. సౌండ్ తీసేస్తే కెమెరా ఎక్కడికి పోతోందో కనిపిస్తుంది. ఆట సంగతి సగమే, మిగతా సగం కెమెరా ఎవరో ఒకరు సిగ్గుపడుతుంటే ఆ మొహం మీదే నిలబడుతుంది, దగ్గరకెళ్తుంది, ఇంకా దగ్గరకెళ్తుంది. ఆడియన్స్‌లో ఒకే ఆకుపచ్చ చీరావిడ ఒకే నవ్వు మూడు చోట్ల వేశారని పాపే పట్టుకుంది. "అంటే ఆవిడ దీనికి నవ్వలేదమ్మా, వేరే దేనికో నవ్వింది" అంది. ఆ ఒక్కటి తెలిశాక దానికి ఆ షో మీద మోజు చాలావరకు పోయింది, నేను వద్దని చెప్పాల్సిన పని రాలేదు.

మూడో వారం జరిగిందే ఈ పోస్టుకి పేరైంది.

మా అత్తయ్యగారిది శ్రీకాకుళం దగ్గర పల్లె. ఐదో క్లాసు చదువుకున్నారు. పెళ్ళయి విశాఖపట్నం వచ్చి యాభై ఏళ్ళు దాటినా మాట మాత్రం అక్కడిదే, లేదు అనరు, నేదు అంటారు, వచ్చేటప్పుడు ఎలా ఉందో అలాగే. ఆ ఆదివారం షోకి మన వైపు నుంచే ఒక అమ్మాయి వచ్చింది, అప్పలనాయుడు కాలనీలోనో ఆముదాలవలసలోనో ఏదో కిరాణా కొట్టు నడుపుతుందట, పేరు బయటికి చెప్పను గానీ గలగలా మాట్లాడే మనిషి. యాంకర్ ఏదో అడిగితే "నేదండి, నాను సూడనేదండి" అంది. అంతే. యాంకర్ ఆ మాట పట్టుకున్నాడు. పక్కనున్న గెస్ట్ అందుకున్నాడు. వెనక కప్ప అరిచినట్టు ఒక సౌండు. మళ్ళీ అనమన్నారు. ఆ అమ్మాయి మళ్ళీ అంది, ఇంకోసారి అనమన్నారు. మూడోసారికి ఆ పిల్ల కూడా తన మాటకి తనే నవ్వడం మొదలుపెట్టింది.

అత్తయ్యగారు లేచారు. "ఏంటత్తయ్యా" అంటే "మంచినీళ్ళు" అన్నారు. ఆవిడ కుర్చీ పక్కన స్టూలు మీద నిండు బాటిల్ ఉంది.

వెళ్ళి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు, కాసేపటికి నేనూ వెళ్ళాను. "అదేటమ్మా, ఆ పిల్లనలగ ఆడిస్తన్నారు, దానికి తల్లీ తండ్రీ నేరేటి, ఆల్లు సూడరేటి ఇంట్లో కూకుని" అన్నారు. ఇంక ఏమీ అనలేదు. నేను ఆలోచిస్తే గుర్తొచ్చింది, ఆవిడ ఇలా మంచినీళ్ళకీ బాత్రూంకీ మందు బిళ్ళకీ లేచి వెళ్ళడం ఏళ్ళుగా జరుగుతోంది, మేమెవరం గమనించలేదు. పైగా రెండేళ్ళుగా మావాడి స్నేహితులు ఇంటికి వస్తే ఆవిడ పెద్దగా మాట్లాడరు, లోపల గదిలో కూర్చుంటారు. నేను చెవుడు వస్తోందేమో అనుకున్నాను. మన యాస సినిమాల్లో పనిమనిషికో దొంగకో పెడతారని ఎన్నాళ్ళనుంచో అనుకుంటూనే ఉన్నాం, అది సినిమా, అక్కడ పాత్ర, ఇక్కడ మాత్రం నిజం మనిషిని నిలబెట్టి ఆమె నోటి మాట లాక్కుని ఆమెకే చూపించి నవ్వారు. మా మేడ మీద మావాడు ఆ చిన్నదాన్ని చేసింది అక్షరం పొల్లుపోకుండా ఇదే.

అప్పుడు నాకొక లెక్క దొరికింది, ఇప్పుడు దాన్నే పట్టుకున్నాను. ఏ షో అయినా సరే, ఓడిపోయినవాళ్ళు ఎలా ఇంటికి పోతున్నారు అని చూస్తాను. గెలిచినవాళ్ళని ఎవరైనా బాగానే చూస్తారు. ఓడిన మనిషి వాళ్ళ పిల్లలతో కూర్చుని ఆ ఎపిసోడ్ మళ్ళీ చూసుకోగలరా? చూసుకోగలరు అనిపిస్తే మా ఇంట్లోనూ చూడొచ్చు. ముద్దులూ కౌగిళ్ళూ ఉన్నాయా అన్నది నేను దీని తర్వాతే చూస్తాను, చూడనని కాదు.

ఈ కోపంలో ఉండగా అసలు దీనికి రూల్స్ ఏమీ లేవా అని కూర్చుని చదివాను. సినిమాకి సెన్సార్ సర్టిఫికెట్ ఉంటుంది. ఓటీటీకి 2021లో వచ్చిన ఐటీ రూల్స్ ప్రకారం యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అని వయసు వేయాలి, మనం ఆన్ చేయగానే మూలన కనిపిస్తుంది చూడండి అదే. టీవీ షోకి మాత్రం అలా ముందే చూసి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. అలాగని రూలే లేదనుకోవద్దు. 1995 కేబుల్ టెలివిజన్ చట్టం ఉంది, దాని కింద 1994 రూల్స్‌లో 6వ రూల్ ప్రోగ్రామ్ కోడ్. అది చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే నేను డైరీలో రాసుకున్నవన్నీ అందులో ఉన్నాయి. ఆడవాళ్ళని కించపరచకూడదు, పిల్లల్ని కించపరచకూడదు, ఒక ప్రాంతం వాళ్ళనీ ఒక భాష మాట్లాడేవాళ్ళనీ చిన్నచూపుతో వెక్కిరించేలా చూపించకూడదు, పిల్లలకి తగని ప్రోగ్రాంలు పిల్లలు ఎక్కువగా చూసే టైములో వేయకూడదు. ఎంత స్పష్టంగా ఉందో చూడండి. అత్తయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి అన్నది రూల్ బుక్కులో ముందునుంచీ ఉంది.

ఛానళ్ళ వాళ్ళు సొంతంగా పెట్టుకున్న నియమాల్లో కూడా అందరూ చూడదగ్గవి ఒకరకం, పెద్దవాళ్ళకే పరిమితమైనవి ఇంకోరకం, ఆ రెండోరకం రాత్రి 11 నుంచి తెల్లవారుజాము 5 లోపే వేయాలి అని ఉంది. కానీ మా ఇంట్లో సమస్య షో వచ్చే టైముతో కాదు. రాత్రి షోకి సాయంత్రం సీరియల్ మధ్యలో ప్రోమో వస్తుంది, ఆ ప్రోమోలో షో మొత్తంలో ఉన్న అతి చెడ్డ ముప్పై సెకన్లు ఏరి పెడతారు, అది రోజుకి పదిసార్లు. తర్వాత అదే ముక్క యూట్యూబ్‌లో షార్టుగా పిల్లల చేతుల్లోకి వస్తుంది. మీరు షో చూడనివ్వకపోయినా పిల్లలకి అందులోంచి డైలాగ్ వచ్చేసి ఉంటుంది. కాబట్టి తొమ్మిదిన్నరకి వాళ్ళని పడుకోబెట్టేశాను అని మనం ధైర్యంగా ఉండడానికి లేదు.

నేను ఛానల్‌కి కంప్లైంట్ రాశాను. ఆ కేబుల్ రూల్స్‌కి 2021లో చేసిన సవరణ ప్రకారం ఛానల్ వాళ్ళు 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో సమాధానం ఇవ్వాలి, నచ్చకపోతే పైనున్న సెల్ఫ్ రెగ్యులేషన్ సంస్థకి వెళ్ళొచ్చు. ఏ తేదీ, ఎన్ని గంటల ఎపిసోడ్, ఏ నిమిషం దగ్గర ఏం అన్నారు అని రాయాలి, ఊరికే మీ షో బాలేదు అని రాస్తే పని జరగదు. నేను తెలుగులోనే రాశాను, అత్తయ్యగారి మాటలు కూడా ఉన్నదున్నట్టు పెట్టాను. మర్నాడే అందిందని మెయిల్ వచ్చింది, పన్నెండో రోజున మీ అభిప్రాయం సంబంధిత టీముకి పంపాము అని రెండు లైన్లు వచ్చాయి. నాకది సరిపోలేదు. పైకి కూడా పంపాను, ఇంకా చూస్తున్నాను.

ఇదంతా చదివి ఈవిడ టీవీ కట్టేసిన మనిషి అనుకుంటారేమో, కాదు, మా ఇంట్లో గేమ్ షో అంటే ప్రాణం. దానికో కథ ఉంది.

2014లో మా టీవీ ఛానల్లో నాగార్జున గారి మీలో ఎవరు కోటీశ్వరుడు మొదలైంది. హిందీలో అమితాబ్ బచ్చన్ కౌన్ బనేగా కరోడ్‌పతి 2000 జూలైలో మొదలైనప్పట్నుంచీ మా మావయ్యగారికి అదో వ్రతం, హిందీ సగమే అర్థమైనా వదిలేవారు కాదు, ఇంక తెలుగులో వచ్చేసరికి ఆయన ఆనందం చెప్పలేను. ఆయన షిప్‌యార్డులో చేసి రిటైరయ్యారు. ఆ ఏడాది అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. వైజాగ్ వాళ్ళకి ఆ రోజు గురించి నేను చెప్పక్కర్లేదు. చెట్టన్నది నిలబడలేదు, కైలాసగిరి బోడిగా అయిపోయింది, పాల ప్యాకెట్టు కోసం కిలోమీటర్ నడిచాం, మా సీతమ్మధార వీధికి కరెంటు దీపావళి దగ్గరకొచ్చాకే వచ్చింది. పాప అప్పటికి ఏడాది పిల్ల. రాత్రయితే మా అపార్ట్‌మెంట్‌లో వాళ్ళంతా మెట్ల మీదకి చేరేవాళ్ళు, ఇళ్ళలో ఉక్కపోత, దోమలు, పైగా గాలి కొంచెం గట్టిగా వీస్తే చాలు అందరికీ భయం. మూడో రోజు రాత్రి మావయ్యగారు కొవ్వొత్తి పెట్టుకుని కోటీశ్వరుడు మొదలుపెట్టారు.

ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, స్వతంత్రం వచ్చాక మన దేశంలో కట్టిన మొదటి ఓడ పేరేమిటి, ఎక్కడ కట్టారు? జలఉష. 1948లో మన విశాఖపట్నంలోనే, అప్పటికి అది సింధియా యార్డు, నెహ్రూ గారు వచ్చి నీళ్ళలోకి వదిలారు. ఈ ప్రశ్న తెలియనివాళ్ళు ఉండేవారు కాదు మా మెట్ల మీద, ఎందుకంటే ఆయన రోజూ అదే అడిగేవారు, అయినా అడిగినప్పుడల్లా కింద ఫ్లోర్ వాచ్‌మెన్ కొడుక్కే మొదటి ఛాన్స్ ఇచ్చేవారు. వాడు తప్పు చెప్తే "దగ్గరకొచ్చావురా, ఇంకో లైఫ్‌లైన్ తీసుకో" అనేవారు. నాలుగో లైఫ్‌లైన్, ఐదో లైఫ్‌లైన్, ఆయన దగ్గర లైఫ్‌లైన్లు అయిపోయేవి కావు. బహుమతి మేరీ బిస్కెట్. ఓడిపోయినవాళ్ళకీ బిస్కెట్టే. బయట ఊరంతా కూలిపోయి ఉంటే ఆ పది రోజులు మా మెట్ల మీద జనం నవ్వుతూ కూర్చున్నారంటే ఆ ఆటే కారణం. ఆయన పోయి ఆరేళ్ళయింది.

అందుకే క్విజ్ అంటే నాకు పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను. ఇంట్లో మూడు తరాలు ఒక ప్రశ్న మీద వాదించుకోగలిగేది ఇంకే ప్రోగ్రాంలో ఉంది చెప్పండి. కానీ క్విజ్ అయితే చాలు కళ్ళు మూసుకుని పెట్టేయొచ్చు అని కూడా అనను. ఆట మొదలయ్యే ముందు వేసే ఆ వీడియో ఉంది చూడండి, కంటెస్టెంట్ ఇల్లు, కారుతున్న కప్పు, మంచం మీద తండ్రి, వెనక వయొలిన్. మొదట్లో నేనూ ఏడ్చేదాన్ని. ఒకరోజు మావాడు "అమ్మా, ఇల్లు బాగుంటే ఈ షోకి రానివ్వరా" అని అడిగాడు. ఏం చెప్పను? ఆ మనిషి కష్టపడి చదివి వచ్చాడు, అతని తెలివి చూపించండి, అప్పు చూపించి మా చేత జాలి పడేయించకండి. కొన్ని షోల్లో ఇది హద్దులో ఉంటుంది, కొన్నిట్లో ప్రశ్నల కంటే ఏడుపులే ఎక్కువ టైం తింటాయి.

డబ్బు గురించి పిల్లలకి చెప్పాల్సింది ఒకటుంది. కోటి గెలిస్తే కోటీ ఇంటికి రాదు, గేమ్ షో ప్రైజ్ మీద 30 శాతం ఇన్‌కం ట్యాక్స్ ఇచ్చేముందే కోసేసి ఇస్తారు, పైన సెస్సు వగైరా కూడా ఉంటాయి. మావాడికి ఇది చెప్తే నోటుబుక్కు తెచ్చుకుని లెక్క కట్టాడు. మధ్యలో వచ్చే యాడ్స్ కూడా చూసుకోవాలి, ఆట ఆడండి డబ్బు గెలవండి అనే బెట్టింగ్ యాప్‌ల గురించి 2022లోనే కేంద్రం టీవీ వాళ్ళని యాడ్స్ వేయొద్దంది, మన రాష్ట్రంలో అయితే 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్, బెట్టింగులు నిషేధించారు. క్విజ్‌లో జ్ఞానంతో గెలిచిన డబ్బుకీ యాప్‌లో పోగొట్టుకునే డబ్బుకీ తేడా పిల్లలకి మనమే చెప్పాలి, ఎందుకంటే ఆ గంటలో రెండూ ఒకే తెర మీద కనిపిస్తాయి.

నేను అస్సలు రాజీపడనిది చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి ఆడించే షోలు. ఆరేళ్ళ పాపని స్టేజి మీద నిలబెట్టి నీకు క్లాసులో బాయ్‌ఫ్రెండ్ ఎవరు అని అడుగుతారు, ఆ పిల్లకి ప్రశ్నే అర్థం కాదు, ఏదో పేరు చెప్తుంది, అందరూ పడీ పడీ నవ్వుతారు, అమ్మానాన్నలు కూడా ముందు వరుసలో కూర్చుని చప్పట్లు. రేపు ఆ పిల్ల పదో క్లాసుకి వచ్చాక ఆ క్లిప్ ఎవరో తీస్తారు కదా. పిల్లల్ని ప్రోగ్రాంలలో పెట్టాలంటే 2017 బాలకార్మిక రూల్స్ ప్రకారం కలెక్టర్ అనుమతి కావాలి, రోజుకి 5 గంటలు మించకూడదు, 3 గంటలకి మించి విరామం లేకుండా చేయించకూడదు, వచ్చే ఆదాయంలో కనీసం 20 శాతం పిల్లల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. గంటలకి లెక్క పెట్టారు, మంచిదే. సిగ్గుకి కూడా ఒక లెక్క పెట్టి ఉంటే బాగుండేది.

ఇదే చోట పాడుతా తీయగా గుర్తొస్తుంది. అది గేమ్ షో కాదు, పాటల పోటీ, కానీ అందులోనూ ఓడిపోయేవాళ్ళు ఉన్నారు కదా. ఈటీవీలో 1996 నుంచి బాలు గారు ఎంతమంది పిల్లలకి తప్పులు చెప్పారో, ఒక్కరినైనా తలదించుకునేలా చేశారని నాకు గుర్తులేదు. ముందు బాగున్నది చెప్పి, తర్వాత ఆ తప్పు దగ్గర తనే పాడి చూపించేవారు. ఎలిమినేట్ అయిన పిల్ల ఆయన కాళ్ళకి దండం పెట్టి వెళ్ళేది. సుమ గారి స్టార్ మహిళ మధ్యాహ్నాలు వచ్చేది, మామూలు ఇల్లాళ్ళు వచ్చి ఆడేవాళ్ళు, మా అత్తయ్యగారు దానికోసం భోజనం ఓ అరగంట ముందే ముగించేవారు. అంటే జనాలు ఇదే చూస్తారండీ మేం ఏం చేస్తాం అనే మాట నేను ఒప్పుకోను, చూసింది మేమే, అవీ ఏళ్ళ తరబడి నడిచాయి.

మావారు మాత్రం వేరేగా అంటారు. "అదంతా స్క్రిప్టే, ముందే మాట్లాడుకుని చేస్తారు, ఆ అమ్మాయికి కూడా తెలిసే ఉంటుంది, నువ్వెందుకు అంత బాధపడతావు" అని. నాకు ఆ మాట నచ్చలేదు గానీ జవాబు వెంటనే దొరకలేదు. తర్వాత పాపకి, మావాడికి అమెరికా క్విజ్ షో కథ చెప్పాను. 1956లో ట్వంటీ వన్ అని ఒక షో ఉండేది, హెర్బర్ట్ స్టెంపెల్ అని ఒకాయన వారాల తరబడి గెలుస్తున్నాడు, షో వాళ్ళకి చార్లెస్ వాన్ డోరెన్ అని అందగాడైన లెక్చరర్ దొరికేసరికి ఈయన్ని ఓడిపొమ్మన్నారు, తనకి బాగా తెలిసిన, తనకెంతో ఇష్టమైన సినిమా గురించి ప్రశ్న వస్తే కావాలని తప్పు చెప్పించారు. చివరికి 1959లో వాన్ డోరెన్ అక్కడి కాంగ్రెస్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు, 1960లో క్విజ్‌లు రిగ్ చేయడం నేరం అని చట్టం తెచ్చారు. మావాడికి గెలిచినాయన మోసం చేశాడన్నదే పట్టింది. పాప మాత్రం "తెలిసి కూడా తప్పు చెప్పాల్సి వచ్చినాయనకి ఎంత కష్టంగా ఉండి ఉంటుందమ్మా, ఇంటికెళ్ళి ఏం చెప్పుకుంటాడు" అంది. మావారు పక్క గదిలోంచి విన్నారు. స్క్రిప్ట్ అయినా అవమానం అవమానమే, డబ్బులిచ్చి చేయించినా అంతే, పైగా చూసే తొమ్మిదేళ్ళవాడికి అది స్క్రిప్టని తెలియదు, మేడ మీద పచ్చిమిర్చి నిజమే కదా.

ఎంవీపీ కాలనీ రైతుబజార్లో కలిసే నా ఫ్రెండొకామె, టీచరు, ఆవిడ మాట ఇంకోటి. ఆపేస్తే వేరే ఇంట్లో చూస్తారు, మనతో కూర్చోబెట్టి చూపిస్తూ మాట్లాడాలి అంటుంది. నిజమే, మ్యూట్ చేసి చూడటం వల్ల మా పాపకి జరిగింది అదే. కానీ పన్నెండేళ్ళ పిల్లకి పనిచేసింది తొమ్మిదేళ్ళవాడికి పనిచేయలేదు, వాడితో మాట్లాడుతుండగానే జోకు అయిపోయి నవ్వేస్తాడు. అందుకని మా ఇంట్లో ఇప్పటికి ఇలా నడుస్తోంది, కొత్త షో ఏదైనా మొదటి రెండు ఎపిసోడ్లు నేనొక్కదాన్నే చూస్తాను, క్విజ్‌లు అందరం కలిసి చూస్తాం, ఆ ఆదివారం షో మాత్రం పూర్తిగా బంద్, చిన్నపిల్లల్ని ఆడించేవీ బంద్. సెలబ్రిటీలు వచ్చి సరదాగా ఆడుకునేవి ఒకటి రెండున్నాయి, వాటి సంగతి ఇంకా తేలలేదు, వారానికొక రకంగా ఉంటున్నాయి.

మొన్న శనివారం ఒక క్విజ్‌లో సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం ఏ రోజున అని ప్రశ్న వచ్చింది. ఆప్షన్లు పడేలోపే అత్తయ్యగారు "వైశాఖ శుద్ధ తదియ, సందనోత్సవం, ఇదేటి పెశ్న, సిన్నపిల్లల్నడిగినా సెప్తారు" అన్నారు, అంత గట్టిగా ఆవిడ గొంతు విని ఎన్నాళ్ళయిందో. మావాడు పక్కన స్నేహితుడు ఉన్నా సరే "నానమ్మా లాక్ చేసేయనా" అని అరిచాడు. "సేసీరా" అన్నారు.

చిన్నదానికి మావాడి చేత ఫోన్లో సారీ చెప్పించాను అప్పుడే, అది వెంటనే మర్చిపోయినట్టే మాట్లాడింది, పిల్లలు కదా, కానీ నేను మర్చిపోలేదు. నిన్న అదే ఫోన్ చేసి "అత్తా, వేసవి సెలవులకి వచ్చినప్పుడు నేను యాంకర్ అవ్వనా" అని అడిగింది. ప్రశ్నలు నోటుబుక్కులో ఇప్పట్నుంచే రాసుకుంటోందట, పద్దెనిమిది అయ్యాయట. మొదటి ప్రశ్న ఏం పెట్టావే అంటే కొంచెం ఆగి, తొందరపడకుండా, ఒక్కో అక్షరం పట్టుకుని చెప్పింది. తాతయ్య ఓడ.